జోల్వాకు వెళ్లిన ఓటీపీ

పోయినేడాది నైరోబీలో ఉండే మా చెల్లెలి ఇంటికి వెళ్లి మూడు వారాలు ఉండి వచ్చాను. వచ్చినప్పటి నుంచి అందరూ జిరాఫీలను చూశావా అని అడుగుతున్నారు. చూశాను, ఫోటోలు కూడా ఉన్నాయి. కానీ నా ప్రయాణంలో చెప్పుకోదగ్గ సంగతి జిరాఫీల దగ్గర జరగలేదు. మధ్యలో విమానం మారడానికి దిగిన ఒక పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయంలో, ఉచిత వైఫై దగ్గర జరిగింది. ఆ ఊరి పేరు రాయను. ఊళ్లోకి అడుగు పెట్టనే లేదు. అద్దాల్లోంచి ఇసుక, ఎండ తప్ప ఏమీ చూడలేదు. చూడని ఊరి పేరు చెప్పుకుని గొప్పలు పోవడం నాకు చేతకాదు.

నేను ఇరవై ఏడేళ్లు సూరత్‌లో బ్యాంకు ఉద్యోగం చేసి దిగిపోయినదాన్ని. చివరి తొమ్మిదేళ్లు పర్వత్ పాటియా శాఖలో. పుట్టింది తెనాలి వైపు, బతుకంతా ఇక్కడే. ఎవరు ఏం చేస్తున్నా తల దూర్చి చూడటం నా జబ్బు. మా ఆయన దానికి ‘ఇన్‌స్పెక్షన్’ అని పేరు పెట్టారు.

ఉధ్నా

మా ఆయనకు విమానమంటే భయం. అందుకని సూరత్‌లోని ఉధ్నా స్టేషన్‌లో నన్ను ముంబై రైలెక్కించి, ఆ పుణ్యంతో తృప్తి పడ్డారు. స్టేషన్ ముందున్న మొబైల్ షాపతను విదేశాల్లో ఫోన్ పనిచేయాలంటే రోమింగ్ ప్యాక్ వేసుకోమన్నాడు. ధర చెప్పగానే లేచి నిలబడ్డాను. "పెద్ద ఎయిర్‌పోర్టుల్లో వైఫై ఉచితమే కదయ్యా!" అన్నాను. అతను నవ్వి, "హా మేడం, ఉచితమే," అన్నాడు. ఆ నవ్వులో ఏదో ఉందని అప్పుడే పట్టుకోవాల్సింది.

కిటికీ సీటు

ముంబైలో మర్నాడు పొద్దున విమానం. నా పక్క కిటికీ సీటులో నలభై దాటిన మనిషి, కొత్త చొక్కా, మెడలో పాత తువ్వాలు. సీటు బెల్టును అటు తిప్పి ఇటు తిప్పి, దాని లోపలి స్ప్రింగు ఎలా పనిచేస్తుందో చూస్తున్నాడు. పెట్టుకోవడం రాక కాదు, చూడాలని. నాకు వెంటనే నచ్చాడు. గాలిలోకి లేవగానే డబ్బా తెరిచి, "సర్వపిండి మేడం. జర తిని చూడుండ్రి," అన్నాడు.

నేను తెలుగుదాన్నని ఎలా తెలిసిందని అడిగితే, "మీరు మా జోల్వకు వచ్చిండ్రు గదా, బ్యాంకు మీటింగుకు. నేను డ్యూటీల ఉంటి. మా ఇంటామె వచ్చింది, మీరు తెలుగుల చెప్పిండ్రన్నది. మీ ఫోటో ఆమె ఫోన్ల చూసిన," అన్నాడు.

పేరు రాజేశం. సిరిసిల్ల దిక్కు మనిషి. సూరత్ పక్కనే ఉన్న జోల్వాలో ఒక మగ్గాల కార్ఖానాలో పద్దెనిమిదేళ్లు పనిచేసి, మాస్టర్ అయ్యాడు. మగ్గాల మీద నేసేవాళ్లు వేరు, వాటికి జబ్బు చేస్తే చూసేవాడు వేరు. ఆ చూసేవాడిని మాస్టర్ అంటారు. ఇప్పుడు ఇథియోపియాలో ఎవరో కొత్తగా మిల్లు పెట్టి, సూరత్ మగ్గాలే కొనుక్కుపోయి, వాటిని నిలబెట్టడానికి రెండేళ్లకు ఇతన్ని పిలిచారు. నాకు మళ్లీ తల దూర్చాలనిపించి అన్నీ అడిగాను. అతనూ విసుక్కోకుండా చెప్పాడు, చివరి సంగతి వచ్చేదాకా.

"మా బామ్మర్ది తిరుపతిని నా జాగల పెట్టిన," అన్నాడు. "సేఠ్ ఒప్పుకున్నడు, గని పరీక్ష మీద. కార్ఖాన ఎనకాల మాస్టర్‌కు ఒక రూము ఇస్తరు. ఇంటామె, ఇద్దరు ఆడపిల్లలు గండ్లనే ఉంటరు. ఇయాల పొద్దుగాల ఏడో నంబరు మగ్గం ఖరాబైందట. నన్ను ముంబై దాక తోలిచ్చిన దోస్తుకు ఫోనొచ్చింది. సాంజ్ సుధీ అన్నడంట సేఠ్."

సాంజ్ సుధీ అంటే గుజరాతీలో సాయంత్రం లోపల. ఆ లోపల మగ్గం నడవకపోతే రేపటి నుంచి కొత్త మాస్టర్ వస్తాడు. మాస్టర్‌తో పాటు అతని సంసారమూ వస్తుంది. రూము ఖాళీ చేయాలి. మరి పక్క కార్ఖానా మాస్టర్లను సాయం అడగవచ్చు కదా అన్నాను.

"వాళ్లే ఆ పనికి కాసుకోని ఉన్నరు మేడం. దిగంగనే వీడియో కాల్ చేస్త, మగ్గం చూపియ్యి అని కబురు చేసిన. అక్కడ వైఫై ఫుకట్ అంట గదా?"

"ఫుకటే," అన్నాను, నేనే దానికి హామీ ఉన్నట్టు.

అద్దాల కింద

ఆ విమానాశ్రయం సంగతి వెళ్లనివాళ్ల కోసం చెప్తాను. పర్వత్ పాటియా బట్టల బజార్లన్నీ ఒక కప్పు కింద పెట్టి, అరుపులు తీసేస్తే అలా ఉంటుంది. సెంటు వాసన, కార్పెట్, ఎవరూ నెట్టుకోరు. మన దగ్గర రైల్లో పక్కన కూర్చున్నవాడు ఐదు నిమిషాల్లో మన కులగోత్రాల దాకా వస్తాడు. ఇక్కడ వందలమంది పక్కపక్కన కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూడరు. ఛార్జింగ్ పెట్టుకునే స్తంభాల చుట్టూ మాత్రం కుంపటి దగ్గర చేరినట్టు నేల మీదే చేరి ఉంటారు. టీ ధర రూపాయల్లోకి మార్చి చూసుకుంటే నాలుగు వందలు దాటింది. దాహం అక్కడే తీరిపోయింది, కుళాయి నీళ్లు పట్టుకున్నాను.

అప్పుడు అక్కడ పదిన్నర, జోల్వాలో మధ్యాహ్నం పన్నెండు. రాజేశం విమానం ఒంటిగంటకు, నాది నాలుగింటికి. ఒక స్తంభం పక్కన కూర్చుని అతను ఫోన్ తీశాడు. వైఫై పేరు వచ్చింది. తాకితే, మీ మొబైల్ నంబరు ఇవ్వండి, కోడ్ పంపుతాం, గంటసేపు ఉచితం అని వచ్చింది. అతను తన నంబరు కొట్టి, ‘పంపు’ నొక్కాడు. కోడ్ పంపామని కూడా వచ్చింది. ఇద్దరం ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి అతని ముఖం మారింది.

"మేడం, సిమ్ము జోల్వల ఉన్నది గదా."

"జోల్వాలో ఎందుకుంది?"

"ఆ నంబరు మీదనే బ్యాంకు, గ్యాసు, పిల్లల బడి అన్నీ ఉన్నయి. నేను పట్టుకపోతె ఇంట్ల ఎట్ల? మా ఆమె ఫోన్ల ఏసి వచ్చిన. ఆడ కొత్తది తీసుకుందమని."

అంటే జోల్వాతో మాట్లాడాలంటే కోడ్ కావాలి, కోడ్ తెలియాలంటే జోల్వాతో మాట్లాడాలి. నాకు నవ్వాగలేదు. నవ్వాక అతని ముఖం చూసి సిగ్గుపడ్డాను. ఇంటి గురించి అంత జాగ్రత్తగా ఆలోచించిన మనిషిని చూసి నవ్వడమేమిటి? నా నంబరు కొట్టి చూశాను. రోమింగ్ లేని ఫోన్‌కు ఏ కోడూ రాదని, ఉధ్నా షాపతని నవ్వు అర్థం అదేనని అప్పుడు తెలిసింది. సమాచార కౌంటర్‌లో తలకు గుడ్డ కట్టుకున్న అమ్మాయి ఎంతో మర్యాదగా, నంబరుకు వచ్చే కోడ్ తప్ప వేరే దారి లేదంది.

పదకొండు దాటింది. రాజేశం తువ్వాలు కొసను వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

రెండు నిమిషాల ఫోను

పై అంతస్తుకు వెళ్లే మెట్ల దగ్గర ఒక పెద్దాయన ఖాఖ్రా, అప్పడంలాంటి గుజరాతీ రొట్టె, విరుచుకుని తింటూ, ఫోన్‌లో ఎవరినో తీరుబడిగా తిడుతున్నాడు. అంత ప్రేమగా తిట్టగలిగేది సూరత్ వాళ్లే. ఆయన ఫోన్ పెట్టేయగానే వెళ్లి, "కేమ్ ఛో భాయ్," అని గుజరాతీలో కుశలంతో మొదలుపెట్టి సంగతంతా చెప్పాను.

"సూరత్‌నా ఛో?" అని, మాది సూరతేననగానే ఫోన్ నా చేతిలో పెట్టాడు. "బే మినిట్, బెన్. బహు మోంఘు ఛే." చాలా ఖరీదట, రెండే నిమిషాలు.

రాజేశం తన ఫోన్‌లో మళ్లీ ‘పంపు’ నొక్కి, భార్య భాగ్య దగ్గరున్న నంబరు చెప్పాడు. ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ఫోన్ అతనికి ఇవ్వాల్సింది. కానీ కౌంటర్‌లో కూర్చున్న అలవాటు, ఏ పనైనా నేనే చక్కబెట్టాలి. స్పీకర్ పెట్టి నేనే మాట్లాడాను.

"అమ్మా భాగ్యా, నేను బ్యాంకు మేడంని. నీ ఫోన్‌కి ఇప్పుడే ఒక ఓటీపీ వచ్చి ఉంటుంది. ఆ అంకెలు కొంచెం చదువమ్మా."

అవతలి మగ్గాల హోరులోంచి, "ఏ బ్యాంకు మేడం?" అని వినిపించింది.

"పర్వత్ పాటియా బ్యాంకు."

"ఆ మేడం నౌకరి దిగిపోయింది, మాకెర్క లేదనుకున్నవా? ఆమెనే చెప్పింది, బ్యాంకోళ్లమని చెప్పుకోని ఎవలడిగినా ఓటీపీ చెప్పొద్దని. ఆడిమనిషివయ్యుండి సిగ్గులేదా నీకు?"

ఫోన్ పెట్టేసింది.

తొమ్మిదేళ్లు బస్తీ బస్తీ తిరిగి, మైకు పట్టుకుని, గొంతు పోయేలా చెప్పిన పాఠం అది. ఎవరూ వినరు, విన్నా మర్చిపోతారు అని శాఖలో అందరూ అనేవారు. ఒక్కరు అక్షరం పొల్లుపోకుండా విన్నారు. సంతోషించాలో ఏడవాలో తెలియక నిలబడ్డాను.

"ఇటియ్యుండ్రి మేడం," అని రాజేశం ఫోన్ తీసుకుని మళ్లీ కలిపాడు. "భాగ్యా, నేనే."

"నేనే అంటె ఎవలు?"

"నీ మొగన్ని!"

మెట్లెక్కుతున్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. అవతల భాగ్య గొంతు తగ్గలేదు. "గొంతు గూడ దొంగలే తయారు చేస్తున్నరంట. ఇంటోళ్ల గొంతుతోని ఫోనొస్తే, ఇంటోళ్లకే ఎర్కున్న ముచ్చటొకటి అడగాలెనని బ్యాంకు మేడం చెప్పింది."

రాజేశం నా వైపు చూశాడు. ఆ చూపు ఈ జన్మకు మర్చిపోను.

"అడుగు. జల్ది అడుగు."

"సూరత్ల దిగినంక మనం మొట్టమొదలు ఏం తిన్నం?"

"లోచో. గీ ఉధ్నా టేషన్ బయటనే. పిండి ఉడకలేదని బండాయనతోని లొల్లి పెట్టుకున్నవ్. తెలుగులనే తిట్టినవ్. ఆయన నవ్వి ఇంకింత నూనె పోసిండు."

లోచో తెలియనివాళ్లకు: శనగపిండి ముద్దను ఆవిరి మీద ఉడికీ ఉడకనట్టు దించి, నూనె, సేవ్ అనే సన్న కారప్పూస చల్లి ఇస్తారు. సూరత్‌కు కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ అది చెడిపోయిన వంటలాగే కనిపిస్తుంది. నేనూ మొదటిసారి పారేశాను.

అవతల చిన్న నవ్వు వినిపించింది. ఆ నవ్వులోనే ఆరంకెలూ చదివింది. పెద్దాయన ఫోన్ తిరిగిస్తే, రెండు నిమిషాలు ఎప్పుడో దాటినా ఏమీ అనలేదు. సగం ఖాఖ్రా విరిచి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

గంట

వైఫై కలిసింది. ఫోన్ మీద ఒక మూల గంట లెక్క మొదలైంది.

తిరుపతి ముఖం వచ్చింది, చెమటతో, భయంతో. ఫోన్ తిప్పి మగ్గాలు చూపించాడు. ఇరవై నాలుగు మగ్గాలు. వీటిలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఉండదు. నాజిల్ అనే సన్న గొట్టంలోంచి నీటి ధార ఒకటి చివ్వున చిమ్మి దారాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి తీసుకుపోతుంది. ఏడో నంబరులో దారం నాలుగైదుసార్లు పోయి, మధ్యలో పడిపోయి, మగ్గం ఆగిపోతోంది.

"నాజిల్ మార్చిన బావా. రెండుసార్లు మార్చిన. దారం గూడ మార్చిన."

"నాకు ఇనవడాలెరా. చూస్తె ఎర్కగాదు, ఇనాలె."

కానీ అంత మోతలో ఏం వినిపిస్తుంది? రేకుల మీద వడగళ్లు పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. రాజేశం ఫోన్ చెవికి నొక్కుకుని, తీసి, మళ్లీ నొక్కుకున్నాడు. అప్పుడు అవతల ఫోన్ తిరుపతి నుంచి భాగ్య చేతిలోకి వెళ్లింది. ఇక్కడ రాజేశం తన ఫోన్ మా ఇద్దరి మధ్య పట్టుకున్నాడు. ఆమె అక్కడి మనుషులతో అంటున్నది నాకు స్పష్టంగా వినిపించింది. సగం తెలుగు, సగం హిందీ.

"భయ్యా, జర ఏక్ మినిట్ మషీన్ బంద్ కరో. అన్నా, నువ్వు గూడ. ఆయన ఇనాలె."

బ్యాంకులో వాళ్ల జీతాలు పడేది నేను చూసినదాన్ని కాబట్టి ఆ మాట బరువు తెలుసు. అక్కడ మీటరు లెక్కన కూలి. మగ్గం ఆపిన నిమిషం ఎవరిదో ఒకరి కూడులోంచి పోతుంది. సేఠ్ భోజనానికి వెళ్లాడు, వచ్చి చూస్తే తిట్లు అదనం. కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత చివరన ఉన్న ఒడియా మనిషి చెయ్యి చాపి తన మగ్గం ఆపాడు. అతని పక్కవాడు చూసి తనదీ ఆపాడు. అవతలి వరుసలో ఇంకొకటి. ఒక్కొక్కటే తగ్గుతూ తగ్గుతూ, చప్పుడంతా పోయింది. ఇరవై ఏడేళ్లు సూరత్‌లో ఉన్నాను. కరెంటు పోకుండా, దీపావళి రాకుండా మగ్గాలు ఆగడం అదే మొదటిసారి విన్నాను. నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

ఏడో నంబరు ఒక్కటీ మొదలైంది. సరిగ్గా అప్పుడే ఇక్కడ నాలుగు భాషల్లో ప్రకటన అందుకుంది. రాజేశం గోడ వైపు తిరిగి, నేల మీద కూర్చుని, తువ్వాలు తల మీదుగా ముసుగేసుకుని, ఫోన్‌తో సహా లోపల దూరాడు. సెక్యూరిటీ మనిషి గబగబా వచ్చాడు. ఈయనకేమైందని అడిగాడు.

"ఆయన ఇంజనీరు," అన్నాను ఇంగ్లీషులో. "పనిలో ఉన్నారు."

అతను ముసుగు వైపు, నా వైపు చూసి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు.

ముసుగులోంచి మాట వచ్చింది. "పంపు దెబ్బ ముందువడ్తున్నది, నీళ్లు ఎనకవడ్తున్నయి. నాజిల్ కాదురా. పంపు వాల్వుల సున్నం వట్టింది, బోరు నీళ్లది. విప్పు. బ్రష్షువెట్టి కడుగు. సుత్తె ముట్టకు."

రాజేశం ముసుగు తీసి ఫోన్ నాకూ కనబడేలా పట్టుకున్నాడు. అవతల మగ్గాలన్నీ మళ్లీ మోత అందుకున్నాయి. తిరుపతి పంపు విప్పడం మొదలుపెట్టాడు. ఒక నట్టు బిగుసుకుపోయింది. రాజేశం చెయ్యి ఇక్కడ గాల్లో పానా తిప్పుతోంది. ఇథియోపియా విమానం గేటు తెరిచారని బోర్డు మీద వచ్చింది. నట్టు ఊడింది. వాల్వు చేతికి వచ్చింది, తెల్లగా పెచ్చు కట్టి ఉంది. "ఉన్నది బావా, ఉన్నది!" అని తిరుపతి అరిచాడు. కడిగాడు. మళ్లీ బిగించాడు. స్విచ్ మీద చెయ్యి వేశాడు.

గంట అయిపోయింది. మీ మొబైల్ నంబరు ఇవ్వండి, కోడ్ పంపుతాం అని మొదటి పేజీ వచ్చింది.

ఖాఖ్రా పెద్దాయన కోసం చుట్టూ చూశాను. ఎప్పుడో వెళ్లిపోయాడు. ప్రకటనలో చివరి పిలుపు అన్నారు. రాజేశం సంచీ భుజాన వేసుకుని, మిగిలిన సర్వపిండి డబ్బాతో సహా నాకిచ్చాడు.

"నడుస్తది మేడం," అన్నాడు. పది అడుగులు వెళ్లి వెనక్కి తిరిగి మళ్లీ, "నడుస్తది," అన్నాడు. ఆ రెండోది నాకోసం కాదు.

నైరోబీ

మా చెల్లెలి ఇంట్లో వైఫై రోజంతా ఉంటుంది. అక్కడ చపాతీని చపాతీ అనే అంటారు. టీలో పాలు మనకన్నా ఎక్కువే పోస్తారు. మొక్కజొన్న పిండితో చేసే ముద్దను చూసి నాకు మన సంకటి గుర్తొచ్చింది, రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. జిరాఫీ నాలుక నల్లగా ఉంటుందని తెలుసుకున్నాను. ఇవన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఉద్యోగమంతా జనాల నంబర్లు ఫారాల్లో రాయించిన నేను, రాజేశం నంబరు రాసుకోలేదు. రోజూ సాయంత్రం ఆ స్విచ్ మీద చెయ్యి గుర్తొచ్చేది. రూము ఖాళీ చేశారేమో, ఆడపిల్లలను తీసుకుని భాగ్య ఎక్కడికి పోయి ఉంటుందో అని బెంగగా ఉండేది.

తిరుగు ప్రయాణంలో అదే స్తంభం దగ్గర కూర్చున్నాను. ఈసారి రోమింగ్ ఉంది, కోడ్ క్షణంలో వచ్చింది. గంట ఉచితం. మా ఆయనకు ఫోన్ చేసి, పాలు తెచ్చారా అని అడిగాను.

జోల్వా

వచ్చిన మూడో రోజే బస్సెక్కి జోల్వా వెళ్లాను. కార్ఖానా వెనక రూము తలుపుకు తాళం ఉంది. కిటికీకి కొత్త పరదా, బయట ఎవరివో కొత్త బకెట్లు. వేరే మాస్టర్ సంసారం దిగిందనుకుని తిరిగి వెళ్లబోతుంటే, కార్ఖానా లోపలి నుంచి ఒకామె దారపు నలకలు దులుపుకుంటూ వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది.

"మేడం! గా దినం ఓటీపీ అడిగింది నిజంగ మీరేనా?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మిమ్ముల సిగ్గులేదా అన్నగదా!"

"బాగా అన్నావు," అన్నాను. అంతకన్నా మంచి సర్టిఫికెట్ నాకు బ్యాంకు కూడా ఇవ్వలేదు.

పరదా పండక్కు మార్చిందట, బకెట్లూ అప్పుడే కొన్నదట. నన్ను లోపలికి తీసుకెళ్లి ఏడో నంబరు ముందు నిలబెట్టింది. తెల్లటి బట్ట గజాలకు గజాలు దిగుతోంది. తిరుపతి నమస్తే పెట్టి, ఆ మోతలో ఏదో చెప్పాడు, వినిపించలేదు. చివరి వరుసలో ఒడియా మనిషిని ఆమె వేలు పెట్టి చూపిస్తే, వెళ్లి అతనికీ నమస్తే పెట్టి వచ్చాను. అతనికి ఎందుకో అర్థం కాలేదు.

టీ తాగుతూ, రాజేశం ఎప్పుడెప్పుడు ఫోన్ చేస్తాడని అడిగాను. ప్రతి ఆదివారం చేస్తాడంది. ఇప్పటికీ ముందు ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చాకే మాట్లాడుతుందట. పెద్దపిల్ల పుట్టిన రోజు వాన పడ్డదా లేదా, మొదటి కూలితో ఏం కొన్నారు, వరాఛా వంతెన మీద భాగ్యకు ఎందుకు కోపమొచ్చింది, ఇలా వారానికొకటి.

నాకు బాధేసింది. నా పాఠం మరీ ఎక్కువైనట్టుంది అనుకుని, "ఇంకా ఎందుకమ్మా అవన్నీ? ఆయన గొంతు నీకు తెలియదా?" అన్నాను.

"ఎర్కే మేడం. దగ్గినా గుర్తువడ్త," అంది భాగ్య. "అడగకుంటె ఆయన ఈ ముచ్చట్లు చెప్పడు."